పెద్ద లీగా, పూర్తి స్కాలర్‌షిప్పా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. చిన్నప్పటి నుంచీ టెన్నిస్ ఆడుతోంది. ఐటీఎఫ్ జూనియర్ టోర్నమెంట్లు ఆడింది, యూటీఆర్ రేటింగ్ కూడా బాగానే ఉంది. అమెరికాలో రెండు యూనివర్సిటీల కోచ్‌లు తీసుకుంటామంటున్నారు. ఒకటి పశ్చిమ తీరంలో బాగా పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీ. ఈ మధ్యే పాత లీగ్ వదిలేసి, టీవీల్లో కనిపించే పెద్ద లీగ్‌లో చేరింది. అక్కడి కోచ్ ఇప్పుడు సగం స్కాలర్‌షిప్ ఇస్తాం, రెండో ఏడాది పెంచుతాం అంటున్నారు. రెండోది దక్షిణాది రాష్ట్రంలో ఒక మధ్యరకం యూనివర్సిటీ. వాళ్ల లీగ్ పేరు ఇక్కడెవరికీ తెలియదు కానీ పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తామంటున్నారు. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది "పేరున్నదే తీసుకోండి బావా, జీవితాంతం పనికొస్తుంది" అంటున్నాడు. నేను చదివే వార్తలేమో భయపెడుతున్నాయి. వందేళ్ల లీగ్ ఒకటి కూలిపోయిందట, డబ్బుల్లేక టెన్నిస్, ఈత జట్లు ఎత్తేస్తున్నారట. మధ్యలో జట్టు తీసేస్తే అమ్మాయి చదువు, వీసా ఏమవుతాయి? అంత సంపాదించే యూనివర్సిటీలకు డబ్బు కొరత ఏమిటి? ఆటగాళ్లకు యూనివర్సిటీలే డబ్బు ఇస్తున్నాయంటున్నారు, మా అమ్మాయికీ వస్తుందా? ఇంకో మాట: తను సైకాలజీ చదువుతానంటోంది, మేం కంప్యూటర్ సైన్స్ అనుకుంటున్నాం. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక తండ్రి, విజయవాడ

సమాధానం: ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే నేను రెండో యూనివర్సిటీ వైపే మొగ్గుతాను. అయితే ఆ పూర్తి స్కాలర్‌షిప్ నోటిమాటగా కాకుండా కాగితం మీద ఉండాలి. మీ అమ్మాయి చదవాలనుకున్న సబ్జెక్టు అక్కడ బాగుండాలి. ఈ రెండూ కుదిరితే ఆ లీగ్ పేరు ఇక్కడ ఎవరికీ తెలియకపోవడం లోటేమీ కాదు. మీ బావమరిది గారు మీ మంచికోరే చెప్పారు. పదేళ్ల కిందట ఆ మాటకు గట్టి ఆధారమే ఉండేది. కానీ ఈ నాలుగైదేళ్లలో అక్కడి కాలేజీ ఆటల లెక్కలు పూర్తిగా మారిపోయాయి. ఆ మార్పు అర్థమైతే మీ భయంలో సగం తగ్గుతుంది. మిగతా సగం అవసరమైన భయమే, అది ఉండాలి.

అమెరికాలో యూనివర్సిటీలు ఆటల కోసం కొన్ని కొన్ని కలిసి ఒక గుంపుగా ఏర్పడతాయి. దాన్నే కాన్ఫరెన్స్ అంటారు. మీరు లీగ్ అన్నారు కాబట్టి నేనూ అలాగే అంటాను. మొదట్లో ఇవి ఇరుగుపొరుగు యూనివర్సిటీల మధ్య ఏర్పాట్లు. బస్సులో వెళ్లి ఆడి వచ్చేంత దూరాలు, ఏళ్ల తరబడి నడిచిన పోటీలు. మీరు చదివిన వందేళ్ల లీగ్ పేరు ప్యాక్-12. దాని మూలం 1915 నాటిది. అన్ని ఆటలూ కలిపి 500కు పైగా జాతీయ టైటిళ్లు అక్కడి జట్లు గెలిచాయి. 2022 జూన్ 30న ఆ లీగ్‌లోని పన్నెండింటిలో రెండు, లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ యూనివర్సిటీలు, తాము బిగ్ టెన్ లీగ్‌లోకి వెళ్తున్నామని ప్రకటించాయి. ఒహాయో, మిషిగన్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో పుట్టి పెరిగిన లీగ్ అది. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటే టీవీ ఒప్పందం చేసుకుంది.

మిగిలిన పది యూనివర్సిటీలు తమకూ ఒక మంచి టీవీ ఒప్పందం వస్తుందని ఏడాదికి పైగా ఎదురుచూశాయి. చివరికి వాళ్ల ముందుకు వచ్చింది యాపిల్ స్ట్రీమింగ్ ప్రతిపాదన. అందులో ఆదాయం చాలావరకు ఎంతమంది చందా కడతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ ధైర్యం ఎవరూ చేయలేకపోయారు. 2023 జూలై చివర్లో కొలరాడో బిగ్ 12 అనే ఇంకో లీగ్‌కు వెళ్లిపోయింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు యూనివర్సిటీలు బయటికి వచ్చేశాయి. ఆరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు వెళ్లాయి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు వెళ్లాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ దేశానికి ఆ చివరనున్న ఏసీసీ లీగ్‌లో చోటు సంపాదించుకున్నాయి. వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్ స్టేట్‌లను పిలిచినవాళ్లు లేరు. ఆ రెండూ బాయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటి వాటిని కలుపుకుని 2026 నుంచి అదే పేరుతో లీగ్‌ను మళ్లీ నిలబెట్టే పనిలో పడ్డాయి.

ఈ నిర్ణయాలన్నీ ఒకే ఒక్క ఆట కోసం జరిగాయి. హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ కోసం. టీవీ డబ్బులో పెద్ద భాగం దానిదే, కొంత మగపిల్లల బాస్కెట్‌బాల్‌ది. కానీ లీగ్ మారినప్పుడు ఫుట్‌బాల్ జట్టుతో పాటు టెన్నిస్, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, ఈత, అందరూ కట్టకట్టుకుని వెళ్లాల్సిందే. వెళ్తారా అని ఆ పిల్లల్ని ఎవరూ అడగలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. స్టాన్‌ఫర్డ్‌నే చూడండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ యూనివర్సిటీకి చెందినవాళ్లు 39 పతకాలు గెలిచారు. చాలా దేశాలకు అన్ని రాలేదు. అలాంటి యూనివర్సిటీ తన పిల్లలకు ఆడే చోటు ఉండాలని, టీవీ వాటాలో మొదటి ఏడేళ్లు 30 శాతమే తీసుకుంటానని ఒప్పుకుని ఏసీసీలో చేరాల్సి వచ్చింది. అదే రోజు చేరిన డాలస్ యూనివర్సిటీ ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ వాటా అసలే వద్దంది.

ఇప్పుడు ఇది మీ ఇంటికి ఎలా తగులుతుందో చూడండి. లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీలోని రట్గర్స్ యూనివర్సిటీకి దాదాపు 4,000 కిలోమీటర్లు. కన్యాకుమారి నుంచి శ్రీనగర్‌కు విమానంలో వెళ్లే దూరం కంటే ఎక్కువ. ఇప్పుడు ఆ రెండూ ఒకే లీగ్‌లో ఉన్నాయి. ఫుట్‌బాల్ జట్టుకు ఇది పెద్ద కష్టం కాదు. వాళ్ల ఆటలు ఎక్కువగా శనివారాలు, బయటి ఊళ్లలో ఆడేవి సీజన్‌కు కొన్నే, ప్రత్యేక విమానం ఉంటుంది. టెన్నిస్ జట్ల మ్యాచ్‌లు జనవరి నుంచి మే దాకా వరుసగా ఉంటాయి. చాలాసార్లు గురువారమే బయల్దేరాలి, మామూలు విమానాల్లో, మధ్యలో ఎక్కడో మారుతూ. దేశం ఆ చివరికి వెళ్తే మూడు గంటల టైమ్ తేడా. ఆదివారం అర్ధరాత్రి హాస్టల్‌కు చేరి సోమవారం పొద్దున క్లాసులో కూర్చోవాలి. వారానికి 20 గంటలకు మించి ప్రాక్టీసు, ఆట ఉండకూడదని కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిబంధన ఉంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. అయితే ప్రయాణ సమయం ఆ లెక్కలోకి రాదు. మ్యాచ్ ఉన్న రోజు ఎంతసేపు కోర్టులో ఉన్నా మూడు గంటలుగానే రాసుకుంటారు.

అందుకే కోచ్‌ను ఏమీ అడగక ముందే మీరు చేయగలిగిన పని ఒకటుంది. రెండు జట్ల పోయిన ఏడాది షెడ్యూలు వాళ్ల వెబ్‌సైట్లలోనే ఉంటుంది. అమ్మాయితో కూర్చుని ఏ మ్యాచ్ ఏ ఊళ్లో, ఏ వారంలో జరిగిందో చూసి, క్లాసులు పోయే రోజులు లెక్కపెట్టండి. తను చదవాలనుకునే కోర్సులో మధ్యాహ్నం ల్యాబులు ఉంటే వాటి మీద ఇంకా జాగ్రత్తగా చూడండి. మధ్యాహ్నాలు సాధారణంగా ప్రాక్టీసు ఉంటుంది. ల్యాబ్ క్లాష్ అవుతోందని మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకున్న పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లను అడిగితే తప్ప ఆ సంగతి బయటికి రాదు.

అంత సంపాదించే యూనివర్సిటీలకు కొరత ఏమిటని అడిగారు. చాలా న్యాయమైన ప్రశ్న. సంపాదన పెరిగినకొద్దీ ఖర్చు అంతకంటే వేగంగా పెరిగింది. పక్కవాళ్ల కోచ్‌కు ఎంత ఇస్తున్నారో చూసి అంతకంటే ఎక్కువ ఇవ్వడం, స్టేడియం పెంచడం, ఓడిపోతే ఒప్పందం మధ్యలోనే కోచ్‌ను పంపించేసి మిగిలిన జీతం మొత్తం కట్టడం. 2023 నవంబర్‌లో టెక్సస్ ఏ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తొలగించింది. పని చేయనందుకు ఆయనకు ఇవ్వాల్సి వచ్చింది 7 కోట్ల 50 లక్షల డాలర్లకు పైనే. ఆ ఒక్క మొత్తంతో ఎన్ని టెన్నిస్ జట్లు ఎన్నేళ్లు నడుస్తాయో ఊహించండి. ఇంకోపక్క అదే ఏడాది అరిజోనా యూనివర్సిటీలో 17 కోట్ల 70 లక్షల డాలర్ల లోటు బయటపడింది. అక్కడ యూనివర్సిటీ నుంచి ఆటల విభాగానికి ఇచ్చిన అప్పుల మీద పెద్ద చర్చే జరిగింది. యూసీఎల్‌ఏ ఆటల విభాగం కూడా వరుసగా కొన్నేళ్లు లోటులోనే నడిచింది. బిగ్ టెన్‌కు వెళ్లడానికి అది కూడా ఒక కారణం. ఆ యూనివర్సిటీ వెళ్లిపోవడం వల్ల బర్క్‌లీకి నష్టం జరిగిందని, రెండింటినీ నడిపే కాలిఫోర్నియా రీజెంట్లు యూసీఎల్‌ఏ నుంచి బర్క్‌లీకి మూడేళ్ల పాటు ఏడాదికి కోటి డాలర్లు ఇప్పించాలని 2024లో నిర్ణయించారు. ఒకే రాష్ట్రం, ఒకే వ్యవస్థ, ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేయడం.

టీవీ డబ్బు లేని మధ్యరకం యూనివర్సిటీల్లో ఈ ఖర్చు చాలావరకు విద్యార్థుల ఫీజుల్లోంచి, యూనివర్సిటీ సాధారణ నిధుల్లోంచి వస్తుంది. ఆటలంటే ఆసక్తి లేని పిల్లలు కూడా కడతారు. మన పిల్లలు ఎంఎస్‌కు వెళ్లినప్పుడు ఫీజు బిల్లులో 'అథ్లెటిక్స్ ఫీ' అని చూసి ఇదేమిటని అడుగుతుంటారు. అది ఇదే.

ఈ పరిస్థితిలో తమకూ డబ్బు రావాలని ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద, పెద్ద లీగ్‌ల మీద వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీని 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. దాని ప్రకారం 2025-26 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు, మొదటి ఏడాదికి పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పాత ఆటగాళ్లకు నష్టపరిహారంగా పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు ఇస్తారు. ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం న్యాయమే, నాకు దాని మీద సందేహం లేదు. వాళ్ల చెమటతో అందరూ కోట్లు సంపాదించారు, వాళ్లకే ఏమీ రాలేదు. కానీ పంపకం చూడండి. పెద్ద లీగ్‌ల ఆటగాళ్ల పరిహారంలో ఎక్కువ భాగానికి వేసుకున్న లెక్క సుమారుగా ఇది: ఫుట్‌బాల్‌కు 75 శాతం, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కు 15, ఆడపిల్లల బాస్కెట్‌బాల్‌కు 5, మిగిలిన ఆటలన్నింటికీ కలిపి 5. ఇప్పుడు ఇచ్చే డబ్బును కూడా చాలా యూనివర్సిటీలు దాదాపు ఇదే నిష్పత్తిలో పంచుతున్నాయి. ఆ కేసుకు తన పేరు ఇచ్చిన గ్రాంట్ హౌస్ అరిజోనా స్టేట్ ఈతగాడు. అతని ఆట వాటా ఆ చివరి 5 శాతంలో ఎక్కడో ఉంటుంది.

కాబట్టి మీ అమ్మాయికి ఈ డబ్బు వస్తుందని ఒక్క రూపాయి కూడా లెక్కలో వేసుకోకండి. అసలు కారణం ఇంకోటి ఉంది. తను వెళ్లేది ఎఫ్-1 వీసా మీద. ఆ వీసాతో పని చేసి సంపాదించడానికి పరిమితులు గట్టిగా ఉన్నాయి. తన పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవడానికి అమెరికా పిల్లలకు 2021 జూలై నుంచి అనుమతి ఉంది. విదేశీ విద్యార్థి అమెరికా గడ్డ మీద ఏదో కంపెనీకి ప్రచారం చేసి డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కింద లెక్కవచ్చు, వీసాకే ముప్పు రావచ్చు. యూనివర్సిటీ నేరుగా ఇచ్చే వాటా మీద కూడా విదేశీ విద్యార్థుల విషయంలో స్పష్టత లేదు. ఎవరైనా షూ కంపెనీ, రెస్టారెంట్ అంటూ ముందుకొస్తే, కోచ్ పర్వాలేదన్నా సరే, యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగకుండా సంతకం పెట్టవద్దని అమ్మాయికి గట్టిగా చెప్పండి. ఆటల విభాగం వాళ్లకు ఆట నిబంధనలు తెలుస్తాయి, ఇమిగ్రేషన్ నిబంధనలు తెలియాలని లేదు.

జట్టు ఎత్తేస్తే ఏమిటన్నది మీ అసలు భయం. అది జరుగుతోంది, దాచను. 2025 మార్చిలో కాలిఫోర్నియాలోని కాల్ పాలీ తన ఈత, డైవింగ్ జట్లను మూసేసింది. హౌస్ రాజీ వల్ల తమకు ఏటా వచ్చే డబ్బు తగ్గుతుందన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. పరిహారం కట్టడానికి ఎన్‌సీఏఏ తన పై స్థాయి అయిన డివిజన్-1లోని యూనివర్సిటీలన్నింటికీ ఇచ్చే వాటాలో కోత పెడుతోంది. ఫుట్‌బాల్‌తో సంబంధం లేని చిన్న యూనివర్సిటీలు కూడా ఆ భారం మోస్తున్నాయి. డబ్బున్నవాళ్లు ఇలా చేయరనుకోకండి. 2020లో స్టాన్‌ఫర్డ్ ఒక్కసారిగా 11 ఆటలు తీసేస్తున్నామని ప్రకటించింది. పూర్వ విద్యార్థులు, ఆటగాళ్లు పోరాడితే 2021లో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. అదే 2020లో అయోవా, మిన్నెసోటా మగపిల్లల టెన్నిస్ జట్లను తీసేశాయి. ఆ రెండూ బిగ్ టెన్ యూనివర్సిటీలే. పెద్ద లీగ్‌లో ఉంటే జట్టు భద్రంగా ఉంటుందనుకునేవాళ్లకు ఈ రెండు పేర్లు చెప్పండి.

రెండో యూనివర్సిటీకి ఆ ప్రమాదం లేదా అంటే, ఉంది. డబ్బు తక్కువ ఉన్న చోట ఇంకా ఎక్కువే ఉండొచ్చు. అయితే ఆడపిల్లల టెన్నిస్‌కు కొంత రక్షణ ఉంది. చదువులో, ఆటల్లో ఆడామగా తేడా చూపకూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల ఆడపిల్లల జట్లను ముట్టుకోవడానికి యూనివర్సిటీలు ఆలోచిస్తాయి. డివిజన్-1లో ఉండాలంటే కనీసం ఇన్ని ఆటలు నడపాలన్న నిబంధన కూడా ఉంది. తక్కువ మందితో నడిచే టెన్నిస్ ఆ సంఖ్య నింపడానికి పనికొస్తుంది. ఇది హామీ కాదు, కొంత ఊరట మాత్రమే. మీరు చూడాల్సింది వాళ్లు ఎన్ని ఆటలు నడుపుతున్నారు, కనీస సంఖ్యకు పైన ఎన్ని ఉన్నాయి, గత రెండేళ్లలో ఏదైనా జట్టు తీసేశారా, టెన్నిస్ కోర్టులు సొంతమేనా లేక ఊరి క్లబ్‌వి అద్దెకు తీసుకున్నారా అన్నది. కొత్తగా కోర్టులు కట్టించుకున్న యూనివర్సిటీ మరుసటి ఏడాదే జట్టు మూసేయడం అరుదు.

ఒకవేళ మూసేశారే అనుకోండి. వీసా పోదు. ఎఫ్-1 వీసా పూర్తికాలం చదువుకు సంబంధించింది, టెన్నిస్‌కు కాదు. తను రిజిస్టరై చదువుతున్నంతకాలం అది చెల్లుతుంది. వేరే యూనివర్సిటీకి వెళ్లి ఆడాలనుకుంటే సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) బదిలీ చేయించుకుని, కొత్త యూనివర్సిటీ నుంచి ఐ-20 అనే ప్రవేశ పత్రం తీసుకోవాలి. ఎన్నిసార్లు మారినా చదువులో నిలకడగా ఉంటే వెంటనే ఆడొచ్చని 2024 ఏప్రిల్‌లో నిబంధన మార్చారు, కాబట్టి ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదు. స్కాలర్‌షిప్ సంగతి మాత్రం మీ చేతిలోని కాగితాన్ని బట్టి ఉంటుంది. జట్టు తీసేసినా డిగ్రీ అయ్యేదాకా స్కాలర్‌షిప్ ఇస్తామని చాలా యూనివర్సిటీలు ప్రకటిస్తాయి. ఆ మాట ముందే ఈమెయిల్‌లో తీసుకోండి.

ఇక్కడే పూర్తి, సగం అన్న తేడా అసలు రంగు బయటపడుతుంది. పశ్చిమ తీరంలోని పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటి దేశం పిల్లలకు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి 60 వేల నుంచి 80 వేల డాలర్ల దాకా అవుతుంది. మధ్యస్థంగా 70 వేలనుకున్నా సగం అంటే 35 వేలు, నాలుగేళ్లకు లక్షా 40 వేల డాలర్లు. మన డబ్బులో కోటీ ఇరవై లక్షల పైమాటే. రూపాయి పడిపోతే ఇంకా పెరుగుతుంది. వీసా ఇంటర్వ్యూలో ఆ మిగతా సగానికి డబ్బు చూపించాల్సింది కూడా మీరే. పొలమో, స్థలమో అమ్మి ఆ డబ్బు పెట్టాక జట్టు తీసేస్తే, అప్పుడు తగిలే దెబ్బ పూర్తి స్కాలర్‌షిప్ ఉన్న పిల్లకు తగిలే దెబ్బ లాంటిది కాదు.

"రెండో ఏడాది పెంచుతాం" అన్న మాటను నేను లెక్కలో వేసుకోను. కోచ్ మోసం చేస్తున్నారని కాదు. హౌస్ రాజీలో చేరిన యూనివర్సిటీల్లో టెన్నిస్ జట్టులో సాధారణంగా పదిమందికి మించి ఉండకూడదు. ఇదివరకు ఆడపిల్లల టెన్నిస్‌లో ఎనిమిది పూర్తి స్కాలర్‌షిప్‌లు ఇవ్వొచ్చు, ఇప్పుడు పదికి పదీ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంతే, ఇవ్వాలని లేదు. డబ్బు ఫుట్‌బాల్‌కు వెళ్తున్నప్పుడు చాలామంది కోచ్‌లకు ఆ పది దొరకడం లేదు. పైగా ఇంకో యూనివర్సిటీలో రెండేళ్లు ఆడి రాటుదేలిన అమ్మాయి బదిలీకి సిద్ధంగా ఉంటే, ఆ పెంచాల్సిన డబ్బు ఆమెకు వెళ్తుంది. డివిజన్-1 టెన్నిస్‌లో సగానికి పైగా విదేశీ ఆటగాళ్లే. మీ అమ్మాయి పోటీ అమెరికా పిల్లలతోనే కాదు, యూరప్ నుంచి వచ్చే ఇరవై ఏళ్లవాళ్లతో కూడా. ఇంతలో ఆ కోచే వేరే ఉద్యోగానికి వెళ్లిపోవచ్చు. కాబట్టి మాట ఇచ్చినవారు ఉన్నా లేకపోయినా చెల్లే పత్రం కావాలి. ఫలానా యూనివర్సిటీలో చేరతానని ఆటగాళ్లు సంతకం పెట్టే పాత 'నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్' పద్ధతిని 2024 అక్టోబర్‌లో ఎత్తేశారు. ఇప్పుడు ముఖ్యమైనది స్కాలర్‌షిప్ ఒప్పందం ఒక్కటే. అది ఏడాదికా, నాలుగేళ్లకా? ట్యూషన్‌తో పాటు హాస్టల్, భోజనం, పుస్తకాలు, ఆరోగ్య బీమా, వేసవి క్లాసులు ఉన్నాయా? గాయమైతే ఏం చేస్తారు? ఇవన్నీ అందులో ఉండాలి.

పూర్తి స్కాలర్‌షిప్‌లోనూ చాలామందికి తెలియని చిన్న ఖర్చు ఒకటుంది. ట్యూషన్ మీద పన్ను ఉండదు కానీ హాస్టల్, భోజనానికి ఇచ్చే భాగం మీద ఉంటుంది. విదేశీ విద్యార్థుల దగ్గర సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (కొంత ఆదాయానికి పన్ను మినహాయింపు) వాడుకునే వీలుంది, రిటర్న్ వేస్తే అందులో చాలావరకు తిరిగి రావచ్చు. మొదటి సెమిస్టర్‌లో అకౌంట్లో బాకీ కనిపించగానే కంగారు పడకుండా కొంత డబ్బు చేతిలో ఉంచండి.

పేరులేని లీగ్‌లో ఆడితే ఆట దెబ్బతింటుందేమోనన్న అనుమానం కూడా మీకు ఉండొచ్చు. మనవాళ్లనే చూడండి. సాకేత్ మైనేని ఆడింది అలబామాలో, పెద్ద లీగ్ ఎస్‌ఈసీలో. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. నెల్లూరు మూలాలున్న నిషేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు, వెంటనే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. ఇవి పెద్ద పేర్లు. కానీ మన హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి ఆడింది టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో. ఆ పేరు ఇక్కడ ఎంతమంది విని ఉంటారు? 2024లో ముంబై ఓపెన్‌లో టాప్ సీడ్ కేలా డేను ఓడించింది ఈ అమ్మాయే. ఆ యూనివర్సిటీ కూడా 2021లో ఒకసారి, 2023లో మరోసారి లీగ్ మారింది. లీగ్‌ల పేర్లు మారుతూనే ఉంటాయి. రోజూ కోర్టు మీద తనకంటే బాగా ఆడే ఒకరిద్దరు జట్టులో ఉన్నారా, మ్యాచ్‌ల్లో తనకు చోటు దొరుకుతుందా అన్నదే ఆటకు ముఖ్యం. పెద్ద జట్టులో పదో స్థానంలో బెంచ్ మీద కూర్చోవడం కంటే మధ్యరకం జట్టులో మూడో స్థానంలో ప్రతి వారం ఆడటం పదిహేడేళ్ల పిల్లకు మేలని నా అభిప్రాయం.

సైకాలజీనా, కంప్యూటర్ సైన్సా అన్నది మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసేశారు. నా దృష్టిలో లీగ్ కంటే పెద్ద సంగతి అది. మోకాలికి దెబ్బ తగిలి రేపు రాకెట్ పక్కన పెట్టాల్సి వస్తే, ఆ ఊళ్లో, ఆ క్లాసులో నాలుగేళ్లు ఉండటానికి తనకు ఇష్టమేనా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది అమ్మాయే. ఉద్యోగం గురించి మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. డిగ్రీ తర్వాత ఓపీటీ అనే పని అనుమతి కింద ఏడాది పని చేయొచ్చు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో రెండేళ్లు. సైకాలజీలో కొన్ని విభాగాలు స్టెమ్ జాబితాలో ఉన్నాయి. ఆ యూనివర్సిటీ ఏ కోడ్ కింద డిగ్రీ ఇస్తుందో కనుక్కుంటే మీ ఇద్దరి కోరికా కలిసే దారి దొరకవచ్చు. టెన్నిస్‌తో పాటు ఇష్టం లేని సబ్జెక్టు కూడా మోయించకండి. ఆ షెడ్యూలుతో ఇష్టమైన సబ్జెక్టు చదవడమే కష్టం.

ఇక చేయాల్సిన పనులు. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటూ లక్షలు అడిగే కన్సల్టెంట్లు హైదరాబాద్‌లో, విజయవాడలో ఉన్నారు. కోచ్‌లే మీతో మాట్లాడుతున్నప్పుడు మీకు వాళ్లతో పని లేదు. ఇంటర్ అయ్యాక ఎంత గ్యాప్ తీసుకోవచ్చు, టోర్నమెంట్లలో వచ్చిన ప్రైజ్ మనీ వల్ల ఇబ్బంది ఉందా అన్నవి నేరుగా ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌ను అడగండి. రెండు యూనివర్సిటీలకూ ఒకేరకం ఈమెయిల్ వెళ్లాలి: స్కాలర్‌షిప్ ఎన్నేళ్లు, ఏమేం వస్తాయి, జట్టు మూసేస్తే ఏమవుతుంది, గత రెండేళ్లలో ఎంతమంది జట్టు వదిలి వెళ్లారు, ఇప్పుడు ఆడుతున్నవాళ్లలో ఇద్దరితో, అందులో ఒకరు విదేశీ అమ్మాయి అయితే మంచిది, కోచ్ లేకుండా మాట్లాడొచ్చా. మొదటి యూనివర్సిటీ నాలుగేళ్లకూ పెంచిన స్కాలర్‌షిప్‌ను రాతపూర్వకంగా ఇస్తే నా సలహా మారుతుంది, మళ్లీ రాయండి. ఆ ఈమెయిల్ మాత్రం మీరు రాయకండి, మీ బావమరిది గారితోనూ రాయించకండి. అమ్మాయి పేరుతో అమ్మాయే రాయాలి. తల్లిదండ్రులు ముందుకొచ్చి మాట్లాడితే అక్కడి కోచ్‌లు వెనకాడతారు. డబ్బు గురించి అడగడానికి తనకు మొహమాటంగా ఉంటే పక్కన కూర్చోండి, టైపు మాత్రం తననే చేయనివ్వండి.